పాత మంచాలకు, బెంచీలకు మళ్ళీ రంగు వేయడం
(తొమ్మిదో తరగతి విద్యార్థిని)

 

పోయిన వారం నుంచి మన హాస్టల్ వెనక వరండాలో ఇనప మంచాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి కదా. చిన్న తరగతుల పిల్లలు రోజూ వచ్చి "అక్కా, రంగు ఎప్పుడేస్తారు? రంగు ఎప్పుడేస్తారు?" అని అడుగుతున్నారు. మేము ఎనిమిది రోజులు పని చేశాం. అందులో రంగు వేసింది రెండు రోజులే. మిగతా ఆరు రోజులు ఏం చేశామో చెప్పడానికే ఈ పాఠం రాస్తున్నాను.

ఈ పని మాకు నేర్పినది మన ఆరో తరగతి అమ్మాయి వాళ్ళ నాన్న. మేమందరం ఆయన్ని బాబాయి అంటాం. ఆయన చాలా ఏళ్ళు నర్సీపట్నంలో ఒక షెడ్డులో ఆటోలకు, జీపులకు రంగు వేశాడు. ఇప్పుడు ఊర్లోనే ఉండి తలుపులకు, బీరువాలకు వేస్తున్నాడు.

ముందు పోయినేడు సంగతి చెప్పాలి. పోయినేడు వానాకాలం ముందు మన మంచాలకు నీలం రంగు వేసిపోయారు. ఎవరు వేశారో నేను రాయను. ఒక్క రోజులో అన్నీ అయిపోయాయి, చూడ్డానికి బలే మెరిశాయి. దసరా నాటికి పొక్కులు వచ్చాయి. సంక్రాంతికి పెచ్చులు రాలిపోయాయి. దుప్పట్లు ఆ పెచ్చులకు తగులుకొని చిరిగేవి. ఏడో తరగతి అమ్మాయికి పిక్క మీద గీసుకుపోయి రక్తం వస్తే ధనుర్వాతం ఇంజక్షన్ వేయించారు. అప్పుడు నర్సమ్మ మాకొక మాట చెప్పింది. ధనుర్వాతం తుప్పు వల్ల రాదంట. మట్టిలో, దుమ్ములో ఉండే సూక్ష్మక్రిమి గాయం లోపలికి పోతే వస్తుందంట. తుప్పు పట్టిన ఇనుము గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ మట్టి దాంట్లో దాక్కుంటుంది, గాయం కూడా లోతుగా అవుతుంది. అంతకుముందు నేను తుప్పే విషమనుకునేదాన్ని.

బాబాయి ఆ మంచాన్ని చూసి, గోటితో నీలం పెచ్చు లేపి, వెనక వైపు మాకు చూపించాడు. పైన నీలం, వెనకంతా ఎర్రపొడి. "తుప్పు మీద రంగేస్తే తుప్పుకి దుప్పటి కప్పినట్టే అమ్మా. పైన మనకి కనబడదు. లోపల అది నిద్రపోదు" అన్నాడు.

ఎందుకు నిద్రపోదో సైన్సులో మనం చదువుకున్నదే. ఇనుముకు నీరు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు గుల్లగా ఉంటుంది, తేమని పట్టుకొని ఉంటుంది. ఇంకో సంగతి, ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న దానికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. పైన రంగు ఉంది కదా, కింద చోటు చాలక తుప్పు ఆ రంగును పైకి నెడుతుంది. అవే పొక్కులు. పొక్కు పగిలితే ఇంకా నీరు లోపలికి పోతుంది. మన ఏజెన్సీలో వాన, మంచు ఎంతుంటాయో అందరికీ తెలుసు. బట్టలే మూడు రోజులకి ఆరవు.

కాబట్టి మొదటి పని గీకడం. ఇనప పీచు బ్రష్షుతో, పట్టీతో వదులుగా ఉన్న రంగు, తుప్పు అంతా గీకెయ్యాలి. గట్టిగా అంటుకొని ఉన్న రంగుని పూర్తిగా పీకక్కరలేదు. దాని అంచుని మాత్రం గరుకు కాగితంతో రుద్ది వాలుగా చెయ్యాలి. లేకపోతే కొత్త రంగు వేశాక కూడా ఆ అంచు మెట్టులాగ కనబడుతుంది.

గరుకు కాగితం వెనక నంబరు ఉంటుంది. 80, 120, 220 అలాగ. నంబరు పెరిగితే గరుకు తగ్గుతుంది. నేను మొదట ఉల్టా అనుకొని మంచం కోడుకి 220 పెట్టి అరగంట రుద్దాను. చేతులు నొప్పి పుట్టాయి గాని తుప్పు కదల్లేదు. 80తో మొదలుపెట్టాలి, 120కి, తర్వాత 220కి రావాలి. మధ్యలో ఒకటి దాటేస్తే ముందు కాగితం గీతలు అలాగే ఉండిపోతాయి. బండ్లకి వాడేది నల్లగా ఉండే వాటర్ పేపరు. దాన్ని నీళ్ళలో ముంచి రుద్దుతారు. 400, 600, 1000, 2000 దాకా ఉంటాయి. 2000 కాగితం చేత్తో ముట్టుకుంటే మామూలు కాగితంలాగే ఉంది.

ఇప్పుడు అందరూ జాగ్రత్తగా చదవాలి. పాత రంగుని పొడిగా రుద్దకూడదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. (పెన్సిల్లో ఉండేది సీసం కాదు, గ్రాఫైట్. అది వేరు.) సీసం కలిపితే రంగు తొందరగా ఆరుతుందని, పసుపు, ఎరుపు రంగులు బాగా వస్తాయని పూర్వం కలిపేవాళ్ళు. ఆ దుమ్ము ముక్కులోకి, నోట్లోకి పోతే ఒంట్లో చేరుతుంది. పెద్దవాళ్ళ కంటే చిన్నపిల్లల మెదడుకి ఎక్కువ చెడుపు చేస్తుంది, చదువు మందగిస్తుంది. మన దేశంలో 2016లో దీని మీద నియమాలు చేశారు. 2017 నవంబరు 1 నుంచి ఇళ్ళకు వాడే రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళ కంటే ఎక్కువ సీసం ఉండకూడదు. అంటే అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో చూసి చెప్పలేం. మన మంచాల్లో నాలుగింటికి నీలం కింద ముదురు ఆకుపచ్చ రంగు ఉంది. అది ఎప్పటిదో ఎవరికీ గుర్తు లేదు. వార్డెన్ మేడమ్ వాటిని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. బాబాయి ఒక్కడే ముక్కుకి మాస్కు కట్టుకొని, నీళ్ళు చల్లి, తడిగా గీకాడు. కింద పరిచిన పట్టాతో సహా ఆ ముద్దంతా ఎత్తి మూట కట్టేశాడు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచాడు. మూడో తరగతి పిల్లల్ని వరండా వైపు రానివ్వడం లేదని వాళ్ళు మా మీద అలిగారు. అందుకే కారణం రాశాను. మీరు చదవలేకపోతే మీ అక్కల చేత చదివించుకోండి.

తడిపితే దుమ్ము లేవదు, బాగానే ఉంది. కాని ఇనుముకి నీరు పడదు కదా! ఇక్కడే మేము తప్పు చేశాం. మూడో రోజు మాకిచ్చిన ఆరు మంచాలు తడి గుడ్డ, వాటర్ పేపరుతో రుద్ది వెండిలాగ తేల్చాం. అప్పుడే భోజనం గంట కొట్టారు. తర్వాత వాన. రేపు ప్రైమరు వేద్దాంలే అని పడుకున్నాం. పొద్దున్న లేచి చూస్తే ఆరు మంచాల మీదా పల్చగా నారింజ రంగు పొర! ఒక్క రాత్రికే! మళ్ళీ మొదటి నుంచి రుద్దాం. తేల్చిన ఇనుముని వెంటనే పొడి గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, టర్పెంటాయిల్ గుడ్డతో జిడ్డు తీసి, ఆ రోజే ప్రైమరు వేసెయ్యాలి. ఒకేసారి ఆరు మంచాలు కాదు, పొద్దు గుంకే లోపల ఎన్ని పూర్తి చెయ్యగలమో అన్నే తియ్యాలి. మేము తర్వాత రోజుకి రెండే తీశాం.

ఇనుముకి వేసే ప్రైమరు పేరు రెడాక్సైడ్. ఎర్రమట్టి రంగులో ఉంటుంది. అందులోని ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే అని సైన్సు మేడమ్ చెప్పింది. నాకు నవ్వొచ్చింది. తుప్పుకి చుట్టాన్నే తెచ్చి తుప్పుకి కాపలా పెట్టినట్టుంది. అది ఇదివరకే ఆక్సిజన్‌తో కలిసిపోయింది కాబట్టి ఇంక మారదు. దాన్ని జిగురులో మెత్తగా నూరి కలుపుతారు. ఇనుముని పట్టుకుంటుంది, పై రంగుకి పట్టు ఇస్తుంది.

ప్రైమరు ఆరాక సొట్టలు, గుంటలు ఉంటే లప్పం పట్టాలి. లప్పం ఒకేసారి మందంగా పెట్టకూడదు. ఆరితే కుంచించుకుపోతుంది, పగుళ్ళొస్తాయి. పల్చగా రెండు మూడు సార్లు పట్టి, ప్రతిసారీ రుద్దాలి. నున్నగా అయిందా లేదా అని చూడ్డానికి బాబాయి కళ్ళు మూసుకొని అరచేత్తో నిమురుతాడు. కంటికి అందని ఎగుడు దిగుడు చేతికి తెలుస్తుందంట. మేమూ చేసి చూశాం, నిజమే. చీకటి పడ్డాక టార్చి లైటుని పక్క నుంచి వాలుగా వేసినా గుంటలు నీడల్లాగ కనబడతాయి.

ఆఖర్ని ఎనామిల్ రంగు. "ఒక్కో మంచానికి రెండు కోట్లు పడతాయమ్మా" అన్నాడు బాబాయి. ఆరో తరగతి పిల్లలు నోళ్ళు తెరిచేశారు. రెండు కోట్ల రూపాయలనుకున్నారు! కోటు అంటే ఒక పూత. మొదటి కోటు పల్చగా వేసి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, సన్న కాగితంతో తేలిగ్గా ఒకసారి రుద్ది, దుమ్ము తుడిచి, రెండో కోటు వేశాం. ఒకేసారి చిక్కగా పూస్తే కోళ్ళ మీద కన్నీళ్ళలాగ జారుతుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది.

ఎండడం గురించి నాకొక అనుమానం వచ్చింది. బట్టలు ఆరితే నీరు పోతుంది. రంగు ఆరితే ఏం పోతుంది? సైన్సు మేడమ్‌ని అడిగాను. ఎనామిల్ రంగులో ముందు టర్పెంటాయిల్ లాంటిది ఎగిరిపోతుంది. ఆ తర్వాత అందులోని నూనె జిగురు గాలిలోంచి ఆక్సిజన్ తీసుకొని గట్టిపడుతుంది. అందుకే డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే పైన మీగడ కడుతుంది. ఇనుముని తినేదీ ఆక్సిజనే, ఇనుముని కాపాడే రంగుని గట్టిపరిచేదీ ఆక్సిజనే. వార్నిష్, అవిసె నూనె లాంటివి పీల్చిన గుడ్డల్ని మాత్రం ఉండ చుట్టి మూల పడెయ్యకూడదు. ఆక్సిజన్ తీసుకునేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తనే అంటుకోవచ్చు. వెనక తీగ మీద గుడ్డలు విడివిడిగా ఎందుకు ఆరేశారో ఇప్పుడు తెలిసింది కదా. దయచేసి వాటిని తీసి ఒకచోట పెట్టొద్దు.

బండ్ల సంగతి కొంచెం చెబుతాను. మన స్కూలు సైకిలు మడ్‌గార్డు మీద బాబాయి మాకు చేసి చూపించాడు. పద్ధతి ఇదే, కాని బండికి ఎండ, రాయి, బురద ఎక్కువ తగులుతాయి కాబట్టి పని ఇంకా సన్నగా ఉంటుంది. షెడ్డులో ముందు టింకరింగు మనిషి సొట్టలు కొట్టి సరి చేస్తాడు. తర్వాత లప్పం, ప్రైమరు, వాటర్ పేపరు. అద్దాలకి, లైట్లకి రంగు పడకుండా న్యూస్ పేపర్లు అంటిస్తారు. రంగుని తిన్నరుతో కలిపి, గాలి మిషనుకి గన్ను పెట్టి కొడతారు. కుంచె గీతలు పడవు. ఆఖర్ని రబ్బింగు పాలిష్ పెట్టి తోముతారు. కారు మీద ఉన్న పొరలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు, కొంచెం అటూ ఇటూ. అంటే మన తల వెంట్రుకలు ఒకటి రెండు కలిపిన మందం. అంత పల్చని దాని మీద బండి బతుకుతుంది. అందుకని ఎక్కువ తోమితే పొర అరిగిపోయి ప్రైమరు బయటపడుతుంది. మన సైకిలు మడ్‌గార్డు అంచున మా నేస్తం అలాగే తోమేసింది. ఎర్రగా కనబడుతున్నది అదే. రంగు డబ్బాలోని మందు, గన్ను పొగ మంచివి కావు. బాబాయికి షెడ్డు మానేశాక గాని దగ్గు తగ్గలేదంట. ఆయన అప్పుడు మాస్కు కట్టుకోలేదు, కట్టుకోమని చెప్పినవాళ్ళూ లేరు.

ఇక బెంచీలు. కర్ర పని నాకు ఇనుము కంటే బాగా నచ్చింది. కర్రకి చారలుంటాయి. చారల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే అప్పుడు కనబడవు గాని వార్నిష్ వేశాక గీతలన్నీ లేచి కనబడతాయి. బాగా రుద్దాక తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే కర్ర నూగు లేస్తుంది. అది ఆరాక 220తో తీసేస్తే మళ్ళీ లేవదు.

బెంచీల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. కంపాసుతో, బ్లేడుతో ఎన్నేళ్ళ నుంచో చెక్కినవి. అన్నీ తీసెయ్యాలని మేడమ్ చెప్పింది. గీతల్లాంటివి 80 కాగితానికే పోయాయి. లోతుగా చెక్కినవాటిలో రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి నింపాలి. మా తరగతిలో మూడో బెంచీ మీద మా అక్క పేరు ఉంది. మా అక్క ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే చదివింది. తర్వాత అమ్మకి ఒంట్లో బాగులేక ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆ బెంచీ నేనే చేస్తానని అడిగి తీసుకున్నాను. నింపే ముందు దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దాను. పేరు తెల్లగా కాగితం మీదకి వచ్చింది. సెలవులకి తీసుకెళ్తాను. తర్వాత రెండుసార్లు నింపి, రుద్ది, చేత్తో నిమిరితే ఏమీ తెలియలేదు. కాని వార్నిష్ వేసేసరికి అక్షరాలు మళ్ళీ కనబడ్డాయి! ఫెవికాల్ ఉన్నచోట కర్ర వార్నిష్‌ని ఒకేలాగ పీల్చదంట. చుట్టూ ఒక రంగు, అక్షరాల్లో ఒక రంగు. బాబాయి "మళ్ళీ తియ్యమంటావా?" అన్నాడు. నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ "నున్నగా ఉంది కదా, చాలు" అంది.

బెంచీలకు మొదట లక్క పాలిష్ వేద్దామనుకున్నాం. బాబాయి దగ్గర సీసాలో ఎండుటాకు రంగు పెచ్చులు ఉన్నాయి. అది లక్కంట! నేను నమ్మలేదు. మా నానమ్మ కత్తికి పిడి బిగించడానికి పెట్టేది లక్కే. నిప్పు మీద కరిగించి, కత్తి మొన దాంట్లో గుచ్చి పిడిలోకి దూర్చేది. ఆ లక్కకీ, అధికార్ల ఇళ్ళలో మెరిసే కుర్చీలకీ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు. పుసుగు, మోదుగ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు ఉంటాయి. అవి రసం పీల్చి ఒంటి మీంచి జిగురు కారుస్తాయి. అది కొమ్మంతా పొరలాగ కట్టుకుంటుంది. దాన్ని గీకి, కడిగి, కరిగించి, గుడ్డలో వడకట్టి, పల్చని రేకులాగ సాగదీసి విరుస్తారు. ఆ పెచ్చులు స్పిరిట్‌లో నానబెడితే పాలిష్. స్పిరిట్ ఎగిరిపోతుంది, లక్క కర్ర మీద ఉండిపోతుంది. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు, అందుకే నిమిషాల్లో ఆరిపోతుంది. మన దేశంలో లక్క ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. గీకేది అక్కడి ఆదివాసీలే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద రంగు కూడా లక్కే. బొమ్మ గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పెడతారు, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మరి బెంచీలకు లక్క ఎందుకు వెయ్యలేదంటే, లక్కకి నీరు నిలిస్తే తెల్ల మచ్చ పడుతుంది, వేడి గిన్నె పెడితే మెత్తబడుతుంది. మనం బెంచీ మీద నీళ్ళ సీసాలు పెడతాం, దొంగతనంగా వేడి ఉప్మా కూడా పెడతాం (నేను పెట్టలేదు). అందుకని వార్నిష్ వేశాం. లక్క పాలిష్‌ని లైబ్రరీ అలమరా తలుపులకి మాత్రం వేశాం. వెళ్ళి చూడండి. మెత్తటి గుడ్డలో దూది పెట్టి ఉండ చేసి, చేతిని ఆపకుండా తిప్పుతూ వెయ్యాలి. చెయ్యి ఆగితే ఆ చోట గుడ్డ అంటుకుపోతుంది. కింది అరలో ఎడం వైపు మచ్చ నాదే.

ఇంకా అయిదు మంచాలు, ఆరు బెంచీలు మిగిలి ఉన్నాయి. వచ్చే ఆదివారం వాన లేకపోతే రెండు మంచాలు తీస్తాం. పాత నూలు గుడ్డలు ఉన్నవాళ్ళు ఉతికి తెచ్చి మా గది ముందు బుట్టలో వెయ్యండి, నైలాన్ పనికిరాదు. పనికి వచ్చేవాళ్ళు తల వెంట్రుకలకి గుడ్డ కట్టుకొని రండి. అన్నానికి వెళ్ళే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. వరండాలో కుడి పక్కన ఉన్న మూడు మంచాల రంగు ఇంకా పచ్చిగా ఉంది. వేలు పెట్టి చూడొద్దు. ఇప్పటికే ఒక మంచం మీద అయిదు వేళ్ళూ ఉన్నాయి, చిన్న చెయ్యి. ఎవరిదో నాకు తెలుసు.